రెండు పసుపు గీతలు

ఎముకలు కొరికే చలి అంటారు.
చలికేం తెలుసు కొరకడం!
కొరికేవాళ్లు లోపలే ఉంటారు.
గోడకి చెక్కిలి ఆనించి
ఆమ్లం ఊరించి ఊరించి
ఒక గుంట తవ్వి, పక్కకి జరుగుతారు.
వెనకాలే పూడ్చేవాళ్లొస్తారు, వరసగా, తీరిగ్గా.
తవ్వడానికి మూడు వారాలు. పూడ్చడానికి మూడు నెలలు.
కూల్చడం ఎప్పుడూ తేలికే కదా.

లిస్బన్‌లో, ఆసుపత్రి నేలమాళిగలో
పంతొమ్మిదేళ్లుగా నా కొలువు ఇదే:
తుంటి దగ్గర తీసిన గోరంత ముక్కని
గట్టి జిగురులో పోతపోసి
వెంట్రుక మందంలో పదోవంతుకి కోయడం.
ఇవాళ్టి ముక్క పేరు ఎవారిస్తో కింతెలా.
వయసు అరవై ఎనిమిది. పని, రాళ్లు పరచడం.

ఈ ఊరి కాలిబాటలు అలాంటివాళ్లవే.
తెల్లవి సున్నపురాళ్లు, నల్లవి బసాల్టు,
జానెడు పీట మీద కూర్చుని
సుత్తితో ఒక దెబ్బ, అరచేతిలో తిప్పి ఇంకో దెబ్బ.
నీటి గొట్టం పగిలితే తవ్వుతారు, మళ్లీ పరుస్తారు.
నడిచేవాళ్లకి అతుకు తెలీదు.

కుట్లు విప్పించుకోడానికొచ్చి
మెట్లు దిగి తలుపు తట్టాడు.
"నా ఎముక నేను చూడొచ్చా?"
చూడకూడదు. కుర్చీ జరిపాను.

చాలాసేపు కన్ను తియ్యలేదు.
గుండ్రం చుట్టూ గుండ్రం, నడుమ నెత్తురు కాలవ.
"ఎవరు పరిచారిది, ఇంత పొందిగ్గా?"
కాసేపాగి,
"ఇదుగో, ఈ మూల తొందరపడ్డారు."
నిజమే. ఆ మూల అల్లిక చెదిరుంది.

చెప్పాను:
పరుస్తూ పరుస్తూ కొందరు
తాము పరిచినదాంట్లోనే చిక్కుకుపోతారు.
చావరు.
దారాల్లాంటి చేతులు చాచి పక్కవాణ్ణి తాకి
గోడలోంచే కబురంపుతారు:
ఇక్కడ బరువెక్కువైంది, ఇక్కడ బీటవారింది, రండి.
"నా మోకాళ్లూ అంతే," అన్నాడు,
"గ్రాసా వీధిలోనే ఉండిపోయాయి."

అప్పుడు దీపం మార్చాను.
చీకట్లో రెండు పసుపు గీతలు వెలిగాయి, జంటగా.

ముక్క తీసేముందు రెండు విడతలు మందు మింగిస్తాం.
ఆ పూట ఎక్కడ కొత్త ఎముక పడుతుంటే
అక్కడే అది చిక్కుకుని నిలిచిపోతుంది.
ఈ గీత అక్టోబరు మూడు.
ఇది పదిహేడు.

మాట్లాడలేదు.
"ఎనిమిదిన బెనిల్దె పోయింది," అన్నాడు తర్వాత.
"ఆ రోజుల్లో నేనేం చెయ్యలేదమ్మా.
మంచం దిగలేదు. కిటికీ తియ్యలేదు.
రెండోసారి మాత్ర మింగానో లేదో కూడా..."
"మింగారు. గీత ఉంది."

రెంటి మధ్య కొలిచాను. ఎనిమిది మైక్రాన్లు.
అంటే ఎంతని అడిగితే
పోలిక దొరకలేదు నాకు.
మీరు రాళ్ల సందుల్లో చల్లే ఇసుకలో
ఒక్క రేణువు నలిగితే లేచే ధూళి, అన్నాను.
తలూపాడు. ధూళి ఆయనకి తెలుసు.
ఏమీ చెయ్యని మనిషి
పద్నాలుగు రోజుల్లో పరిచింది అది.

"ఇందులో ఆమె ఉన్న రోజులేవి?"

లెక్క కట్టాను, అడిగాడు కనక.
అయిదు రోజులు. మూడు మైక్రాన్లు.
మొదటి గీతనించి ఇటు, ఇంతవరకు.
అక్కడ గుర్తేమీ లేదు.
ఇటుపక్క ఎముకా అటుపక్క ఎముకా
ఒకే తెలుపు, ఒకే నునుపు.
ఎముకకి వార్త అందలేదు.
అందినా, పని ఆపలేదు.

"ఉంటుందా ఇది?"
ఒంట్లో ఉన్నది ఉండదు.
నాలుగేళ్లకో పదేళ్లకో తవ్వుకుంటూ వచ్చేస్తారు.
ఈ ముక్క ఉంటుంది. జిగురులో ఉంది కనక
దీన్నెవరూ కొరకరు.
మూడో అర, పెట్టె పదకొండు.

చేతికర్ర తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి
కోటు మీంచే తుంటి తడుముకున్నాడు.
"మరి ఇది తీసిన చోట?"

ఈపాటికి వచ్చేసుంటారు, అన్నాను.
పీటలు వేసుకుని కూర్చునుంటారు.

పైన వాన మొదలైనట్టుంది.
తడి రాళ్ల మీద ఆయన కర్ర చప్పుడు
కాసేపు వినిపించింది, ఆగి ఆగి,
ఎక్కడో ఒక రాయి కదులుతోందేమో
చూసుకుంటున్నట్టు.